సైకిలు – చెలక బాట – లాక్‌డౌను

"దూరపు కొండలు నునుపు" అన్నారు పెద్దలు. బస్సు కిటికీలోంచి కొండను చూసినవాడికి ఈ సామెత సగమే అర్థమవుతుంది. సైకిలు మీద కొండ మొదటి దాకా పోయినవాడికి పూర్తిగా అర్థమవుతుంది. ప్రతి రాయీ రిమ్ముకు తగులుతుంది, ప్రతి ముల్లూ ట్యూబును పలకరిస్తుంది, ప్రతి ఎత్తూ ఊపిరిని లెక్కపెడుతుంది. ఈ చదువు పుస్తకాల్లో దొరకదు. అయితే ఈ చదువుకూ ఒక పాఠ్యక్రమం వుంది. దాన్ని మన విద్యార్థి మిత్రుల ముందు వుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ జరిగింది. 25వ తేదీ నుంచి దేశమంతటా 21 రోజుల లాక్‌డౌను మొదలైంది. అది పొడిగింపుల మీద పొడిగింపులతో మే నెలాఖరు దాకా సాగింది. బస్సులు డిపోల్లో నిలిచిపోయాయి, కళాశాలలు మూతపడ్డాయి, హాస్టళ్లు ఖాళీ అయ్యాయి. పట్నంలో చదువుకుంటున్న పిల్లలంతా ఊళ్లకు చేరారు. చేతిలో ఫోను, ఎదుట గోడ. అప్పుడు చాలామంది కళ్లు ఇంటి వెనక మూలన దుమ్ము పట్టి పడివున్న సైకిలు మీద పడ్డాయి. ఇది మన ఊళ్లకే పరిమితమైన ముచ్చట కాదు. ఆ ఏడాది ప్రపంచమంతటా సైకిళ్లకు గిరాకీ పెరిగి, ఎన్నో దేశాల్లో దుకాణాలు ఖాళీ అయ్యాయి. డబ్బులిస్తామన్నా నెలల తరబడి బండి దొరకని పరిస్థితి వచ్చింది.

సైకిలు తీయడం తేలికే. తీసిన సైకిలును రాళ్ల బాటకు తగినట్టు సిద్ధం చేయడమెట్లా? అంటువ్యాధి కాలంలో ఆ బాట మీద నడుచుకోవలసిన తీరేమిటి? ఈ రెండూ వేర్వేరు ప్రశ్నల్లాగ కనిపిస్తాయి గాని, నిజానికి రెండూ ఒకటే ప్రశ్న. అదెట్లాగో ముందు ముందు తేలుతుంది.

కొండ సైకిలు పుట్టుక

మనవాళ్లు "గేరు సైకిలు" అని పిలిచే మౌంటెన్ బైకు ఏ పెద్ద కంపెనీ ప్రయోగశాలలోనూ పుట్టలేదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని మారిన్ కౌంటీ కుర్రాళ్లు దాన్ని పుట్టించారు. వాళ్లు పాత ష్విన్ సైకిళ్లను, అంటే లావు టైర్లున్న బరువైన పాతకాలపు బళ్లను, పాత సామాన్ల అంగళ్ల నుంచి తెచ్చి, అక్కరలేని భాగాలు ఊడదీసి, కొండ దారుల్లో దించేవారు. 1976 అక్టోబరు 21న ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర ఒక మట్టి బాట మీద మొదటి పందెం జరిగింది. దాదాపు 3.4 కిలోమీటర్ల దూరంలో 400 మీటర్ల దిగుడు. ఆ పందేనికి "రిప్యాక్" అని పేరు. ఆ పేరు వెనుక చక్కని కారణం వుంది. ఆ సైకిళ్లకు పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకు వెనక చక్రం బొడ్డులో వుండేది. కొండ దిగేసరికి అది కాగిపోయి లోపలి గ్రీజు పొగై పోయేది. ప్రతిసారీ విప్పి మళ్లీ గ్రీజు నింపవలసి వచ్చేది. మళ్లీ నింపడాన్నే ఇంగ్లీషులో రిప్యాక్ అంటారు. పందేనికే ఆ పేరు నిలిచిపోయింది.

ఆ గుంపులోని జో బ్రీజ్ 1977లో కొండ బాట కోసమే ప్రత్యేకంగా ఫ్రేము తయారు చేశాడు. గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ, టామ్ రిచీ ఆ పనిని వ్యాపారంగా మలిచారు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ "స్టంప్‌జంపర్" అనే నమూనాను పెద్ద ఎత్తున తయారు చేసి అమ్మింది. 1996 అట్లాంటా ఒలింపిక్సు నాటికి ఇది ఒలింపిక్ క్రీడ అయింది. ఈ చరిత్రలో మనం నేర్చుకోవలసిన మొదటి పాఠం ఒకటుంది. కొండ సైకిలు కొనడంతో మొదలు కాలేదు, విప్పి బిగించడంతో మొదలైంది. కనుక మీ ఇంట్లో వున్నది అట్లాసో, హీరోనో, హెర్క్యులీసో, నాన్న కాలపు నల్ల సైకిలో – ఏదైనా సరే, చిన్నబుచ్చుకోనక్కర లేదు.

మన నేల ఎటువంటిది?

బిజినేపల్లి మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి దారులు కలిసే చోటు. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయే దాకా ఇదంతా మహబూబ్‌నగర్ జిల్లానే. జనం నోట ఇప్పటికీ పాలమూరే. తారు రోడ్డు దిగి ఎటు తిరిగినా ఎర్ర చెలకలు, నల్లరాతి గుట్టలు, చెరువు కట్టలు, బండ్ల బాటలు. నాగర్‌కర్నూల్ దారిలో పాలెం, అక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రం. ఇంకోవైపు వట్టెం గుట్ట మీద వేంకటేశ్వరుడు. ఒకనాడు గోన వంశీయులు ఏలిన వర్ధమానపురం, అంటే నేటి నందివడ్డెమాన్, అక్కడి శనీశ్వరుడి గుడి – ఇవన్నీ ఈ మండలం గుర్తులే.

సైకిలువాడి కంటితో చూస్తే ఈ నేలకు నాలుగు గుణాలున్నాయి. ఒకటి: ఎండాకాలంలో చెలక బాట గట్టిగా వుంటుంది గాని పైన సన్నటి గరుసు పరుచుకొని వుంటుంది. గట్టి నేల మీద ఆ గరుసు గింజలు బేరింగు గోలీల మాదిరి దొర్లుతాయి. మలుపులో చక్రం జారేది వీటివల్లనే. రెండు: వాగులు ఎండి ఇసుక దిబ్బలుగా వుంటాయి. మూడు: సర్కారు తుమ్మ కంప, పల్లేరు కాయ. పల్లేరు కాయ ఎటు పడ్డా దాని ముల్లు ఒకటి పైకే వుంటుంది. సృష్టిలో ట్యూబులకు దానంత శత్రువు లేదు. నాలుగు: ఎండ. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఎండ మనిషినీ, గాలి నింపిన టైరునూ ఒకేలాగ పరీక్షిస్తుంది. సైకిలును సిద్ధం చేయడమంటే ఈ నాలుగింటికీ జవాబు చెప్పడమే.

సైకిలు సిద్ధం చేసే విధం

ముందుగా బిగువు చూడాలి. ముందు బ్రేకు గట్టిగా పట్టి, బండిని ముందుకూ వెనక్కూ ఊపండి. హాండిలు మెడ దగ్గర "టక్ టక్" మని ఆడితే అక్కడి కప్పులు వదులయ్యాయన్న మాట. పెడలు కడ్డీలను పక్కకు ఊపండి. అక్కడా ఆట వుండకూడదు. రెండు చక్రాలనూ పైకెత్తి తిప్పి చూడండి. రిమ్ము అటూ ఇటూ ఊగుతున్నదా? పుల్లలన్నీ వేలితో మీటి చూడండి. వదులైన పుల్ల డప్పగా పలుకుతుంది, బిగువైనది ఖంగున మోగుతుంది. సైకిలు మేస్త్రీలు చెవితోనే రోగం పట్టే విద్య ఇదే. చివరగా చక్రాల నట్లు. తారు రోడ్డు మీద వదులు నట్టు సతాయిస్తుంది, రాళ్ల బాట మీద పళ్లు రాలగొడుతుంది.

తరువాత సీటు. మన ఊళ్లలో చాలామంది సీటు మరీ కిందికి పెట్టుకొని మోకాళ్లతో తొక్కుతారు. నాలుగు మైళ్లకే మోకాళ్లు పట్టుకుంటాయి. సీటు మీద కూర్చొని, పెడలును అడుక్కు తెచ్చి, దాని మీద మడమ పెట్టండి. కాలు దాదాపు నిటారు కావాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి వుంటుంది. అదే సరైన ఎత్తు. గుట్ట దిగేటప్పుడు మాత్రం సీటును ఒకటి రెండు అంగుళాలు దించుకుంటే బరువు వెనక్కి జరుపుకోవడానికి చోటు దొరుకుతుంది.

ఇక గాలి. ఇక్కడే ఎక్కువ మంది తప్పుదారి పడతారు. "గట్టిగా కొట్టు అన్నా" అని గాలి కొట్టిస్తారు. తారు రోడ్డుకు అది మంచిదే. రాళ్ల మీద గట్టి టైరు బంతిలాగ ఎగురుతుంది, నేలను పట్టదు. మరీ మెత్తగా వుంటే రాయి తగిలినప్పుడు ట్యూబు రాయికీ రిమ్ముకూ నడుమ నలిగి, పాము కాటు మాదిరి పక్కపక్కనే రెండు బెజ్జాలు పడతాయి. రెండు అంగుళాల వెడల్పు టైరుకు, 60–70 కిలోల మనిషికి, చదరపు అంగుళానికి 30 నుంచి 35 పౌండ్ల గాలి చాలు. బరువంతా వెనకనే పడుతుంది కాబట్టి వెనక చక్రానికి రెండు మూడు పౌండ్లు ఎక్కువ. ఎండ లెక్క కూడా మరువరాదు. తెల్లవారుజామున 25 డిగ్రీల చల్లదనంలో 35 పౌండ్లు కొట్టిన టైరు, మధ్యాహ్నం 45 డిగ్రీల వేడికి ఇంచుమించు 38 పౌండ్లవుతుంది. ఇంటర్‌లో చదివిన వాయు సూత్రమే, ఇంకేమీ లేదు! ఇంకో మాట. గేరు సైకిళ్లలో చాలావాటికి మోటారు సైకిలు మాదిరి వాల్వే వుంటుంది, పెట్రోలు బంకులోనైనా గాలి పట్టవచ్చు. పాత నల్ల సైకిలుది సన్న రబ్బరు తొడిగిన వాల్వు. ఆ రబ్బరు వేడికి చీకిపోతుంది గనక ఒక అంగుళం ముక్క జేబులో వుంచుకోవాలి.

ముళ్లకు మన మేస్త్రీల దగ్గర చవకైన మందు వుంది. పాత ట్యూబును నిలువునా కోసి, టైరుకూ కొత్త ట్యూబుకూ నడుమ పొరగా పరచడం. బరువు కొంచెం పెరుగుతుంది గాని పల్లేరు కాయలు సగానికి సగం అక్కడే ఆగిపోతాయి. పంక్చరు వేసినప్పుడు ట్యూబును లోపల పెట్టే ముందు టైరు లోపలంతా గుడ్డతో తుడవాలి. గుడ్డ ఎక్కడ చిక్కుకుంటే అక్కడ ముల్లు మిగిలివున్నట్టు. అది తీయకుండా బిగించినవాడు పది నిమిషాల్లో మళ్లీ చక్రం విప్పుతాడు.

బ్రేకులు. రబ్బరు రిమ్ము అంచుకే తగలాలి, టైరుకు తగలకూడదు. తగిలితే టైరును కోసి పెడుతుంది. రబ్బరుకూ రిమ్ముకూ నడుమ రెండు మూడు మిల్లీమీటర్ల సందు చాలు. రబ్బరులో గుచ్చుకున్న ఇసుక రేణువులను పిన్నీసుతో ఏరేయాలి, లేకుంటే రిమ్ము అరిగిపోతుంది.

చైను. మన జిల్లా ఆముదానికి పేరు పడ్డది. ఇంట్లో ఆముదం వుంది కదా అని చైనుకు పూసేవారున్నారు. ఆముదం మంచి కందెనే. క్యాస్ట్రాల్ అనే పేరు కూడా ఆముదం ఇంగ్లీషు పేరు నుంచి పుట్టిందే. కాని అది చిక్కన. చెలక దుమ్మంతా దానికి పట్టుకొని గంధంలాగ నూరి చైనును తినేస్తుంది. పాత మడ్డిని కిరసనాయిలుతో కడిగి, ఆరనిచ్చి, కీలుకొక చుక్క చొప్పున పలుచని మిషను ఆయిలు వేసి, పైన గుడ్డతో తుడిచేయాలి. నూనె వుండవలసింది కీలు లోపల, పైన కాదు. చైను అరిగిందో లేదో స్కేలుతో కొలవవచ్చు. కొత్త చైనులో 12 పూర్తి జతలు సరిగ్గా 12 అంగుళాలుంటాయి. అది అంగుళంలో పదహారో వంతు సాగితే మార్చే వేళ వచ్చినట్టు. ఎనిమిదో వంతు దాకా పోనిస్తే ఫ్రీవీలు పళ్లు కూడా పోతాయి. అప్పుడు చేతులు కాలాక ఆకులు పట్టుకున్న సామెత.

గేర్ల సంగతి లెక్కతో చెబితే తేలిక. 26 అంగుళాల చక్రం ఒక చుట్టు తిరిగితే దాదాపు 2 మీటర్లు పోతుంది. ముందు 44 పళ్లు, వెనక 18 పళ్లు వున్న సాదా సైకిలు పెడలు ఒక చుట్టు తొక్కితే ఇంచుమించు 5 మీటర్లు లాగాలి. సమతలం మీద బాగే, వట్టెం గుట్ట ఎత్తు మీద ప్రాణం తోడేస్తుంది. గేరు సైకిలులో ముందు 24, వెనక 28 పళ్ల మీద పెట్టుకుంటే చుట్టుకు 2 మీటర్ల లోపే. దూరం తగ్గింది, బరువూ తగ్గింది. గేరు బలాన్ని ఇవ్వదు. ఉన్న బలాన్ని చిన్న చిన్న నోట్లుగా మార్చి ఇస్తుంది, అంతే. గేరు మార్చవలసింది ఎత్తు మొదలయ్యే ముందు. సగం ఎత్తులో బలంగా తొక్కుతూ మారిస్తే చైను కరకరమంటుంది, ఒక్కోసారి తెగుతుంది.

బాట మీద

దిగుడులో సీటు మీద కూర్చోరాదు. రెండు పెడళ్లూ సమంగా వుంచి, వాటి మీద నిలబడి, మోచేతులూ మోకాళ్లూ వంచి, బరువు కొంచెం వెనక్కి జరపాలి. అప్పుడు కాళ్లే స్ప్రింగులు. చూపు చక్రం ముందు కాదు, పది పదిహేను గజాల దూరాన వుండాలి. సైకిలుకు ఒక వింత గుణముంది. ఏ రాయిని చూస్తూ పోతే ఆ రాయినే గుద్దుతుంది. రాయిని తప్పించుకోవాలంటే రాయిని కాదు, రాయి పక్కనున్న సందును చూడాలి.

ఆపే బలమంతా ఎక్కువగా ముందు బ్రేకులోనే వుంటుంది, ఎందుకంటే బ్రేకు వేయగానే బరువు ముందుకు ఒరుగుతుంది. ముందు బ్రేకు అంటే భయపడనక్కర లేదు, దాన్ని ఒక్కసారిగా గుంజరాదు. గరుసు మీద మలుపు వచ్చే ముందే, బండి నిటారుగా వున్నప్పుడే వేగం తగ్గించాలి. మలుపులో ఒరిగి వున్నప్పుడు ముందు బ్రేకు పట్టినవాడు నేలను ముద్దాడక తప్పదు.

ఎండిన వాగు ఇసుకలో దిగే ముందే చిన్న గేరు వేసి, బరువు వెనక్కి వేసి, హాండిలు బిగించి పట్టకుండా, ఆగకుండా తొక్కుతూ పోవాలి. ఆగితే కూరుకుపోతుంది, హాండిలు తిప్పితే పడేస్తుంది. కుదరకపోతే దిగి నెట్టండి, అందులో నామోషీ లేదు. ఎత్తు ఎక్కేటప్పుడు సీటు ముందు అంచుకు జరిగి, ఛాతీని హాండిలు దగ్గరికి వంచితే ముందు చక్రం లేవదు, వెనక చక్రం జారదు. ఎండలో గంటకు కనీసం ఒక సీసా నీళ్లు. ఉప్పు వేసిన మజ్జిగ దొరికితే అంతకంటే మంచిది. పొద్దు పొడిచేటప్పుడు బయలుదేరి ఎనిమిది గంటలకల్లా ఇల్లు చేరాలి. తలకు హెల్మెటు తప్పనిసరి. చేయి విరిగితే అతుకుతుంది, తల సంగతి వేరు.

నడిచి రాగలిగినంత దూరం

ఇప్పుడు అసలు విషయానికి వద్దాము. అంటువ్యాధి కాలంలో సైకిలు తొక్కవచ్చునా?

దీనికి దేశానికొక తీరుగా జవాబిచ్చారు. బ్రిటన్‌లో 2020 మార్చి 23న లాక్‌డౌను ప్రకటిస్తూ రోజుకొక్కసారి వ్యాయామానికి బయటికి రావచ్చునన్నారు. పరుగు, నడక, సైకిలు మూడింటినీ పేరు పెట్టి చెప్పారు. ఫ్రాన్సులో సరదా సైకిలు తొక్కుడును కట్టడి చేశారు, వ్యాయామానికి ఇంటి నుంచి ఒక్క కిలోమీటరు, ఒక్క గంట మాత్రమే హద్దు పెట్టారు. మన దగ్గర 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని బయటికి తీశారు. అత్యవసరానికి తప్ప బయటికి రావద్దన్నారు. సరుకులకైనా ఇంటి నుంచి 3 కిలోమీటర్ల లోపలే తిరగాలని తెలంగాణ పోలీసులు చెప్పారు. వ్యవసాయ పనులకు మాత్రం మినహాయింపు వుండింది. కనుక మొదటి వారాల్లో మందులకో, పాలకో, చేనుకో పోయే సైకిలుకే న్యాయం వుంది. సరదా సైకిలు ఇంట్లో విప్పి బిగించుకోవడానికే. రెండో అల వచ్చినప్పుడు 2021 మే 12 నుంచి రాష్ట్రంలో మళ్లీ లాక్‌డౌను పెట్టి, మొదట ఉదయం 6 నుంచి 10 దాకా నాలుగు గంటలు సడలించారు. తరువాత ఆ గంటలు పెంచుకుంటూ వచ్చి, జూన్ 20 నాటికి పూర్తిగా ఎత్తేశారు.

చట్టం చెప్పింది చట్టం. చట్టం చెప్పని చోట మనిషికి ఒక గీటురాయి కావాలి. అది ఇది: సైకిలు చెడిపోతే నడిచి తిరిగి రాగలిగినంత దూరమే పోవాలి, దెబ్బ తగిలితే మరొకరి ప్రాణం మీదికి రానంత మెల్లగానే పోవాలి.

ఎందుకని? 2021 ఏప్రిల్, మే నెలల్లో ఆక్సిజన్ మంచం దొరకక జనం ఎంత అల్లాడారో మనమంతా కళ్లారా చూశాము. అటువంటి రోజున గుట్ట మీంచి పడి చేయి విరగ్గొట్టుకున్నవాడు ఒక 108 బండిని, ఒక డాక్టరును, ఒక మంచాన్ని అడ్డగిస్తాడు. అతణ్ణి మోసుకొచ్చిన ఇద్దరు మిత్రులు, చూడవచ్చిన చుట్టాలు – వ్యాధికి ఇంతమంది కొత్త చిరునామాలు. సైకిలు సిద్ధం చేయడమూ, లాక్‌డౌనులో నడుచుకోవడమూ ఒకటే ప్రశ్న అని మొదట అన్నది అందుకే. బిగించిన నట్టు, సరిచూసిన బ్రేకు, జేబులోని పంక్చరు సామాను – ఇవి మామూలు రోజుల్లో మన సౌకర్యం. అంటువ్యాధి రోజుల్లో అవి ఇతరుల పట్ల మన బాధ్యత.

ఈ గీటురాయి మనల్ని ఖైదీలను చేయదు. మూడు కిలోమీటర్ల గీత గీసుకున్నా ఊరి చుట్టూ 28 చదరపు కిలోమీటర్ల నేల వస్తుంది. అందులో ఎన్ని చెరువు కట్టలు, ఎన్ని డొంకలు, ఎన్ని గుట్టలు! పుట్టి పెరిగిన ఊరిలో ఆ 28 చదరపు కిలోమీటర్లను పూర్తిగా తిరిగిచూసిన విద్యార్థులు ఎందరుంటారు?

ఒంటరిగా పోయేవాడు ఏ దిక్కుకు పోతున్నదీ, ఎన్నింటికి వచ్చేదీ ఇంట్లో చెప్పి పోవాలి. ఇద్దరు పోతే ఒకరి వెనక ఒకరు పక్క దుమ్ము సోకనంత ఎడంగా పోవాలి. మాస్కు గురించి వాదోపవాదాలు చాలా జరిగాయి. ఆయాసం వచ్చే వ్యాయామంలో మాస్కు వద్దని, దూరం పాటించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఒంటరిగా సైకిలు తొక్కేవారు మాస్కు పెట్టుకోవాలన్న ఆదేశమేదీ లేదని కేంద్ర ఆరోగ్య శాఖ 2020 సెప్టెంబరులో వివరించింది. కాని మాస్కు జేబులో వుండాలి. మనిషి ఎదురైతే, బోరు దగ్గర నీళ్లు పట్టుకుంటే, ముసలవ్వ "ఎవరి పిల్లగాడివి బిడ్డా?" అని ఆపి అడిగితే మాస్కు ముఖానికెక్కాలి. జ్వరం వచ్చి తగ్గినవాడు ఒళ్లు కుదురుకునే దాకా, డాక్టరు సరేననే దాకా ఎత్తులెక్కరాదు.

కంప అడ్డం పెట్టిన ఊరు

2020 మార్చిలో తెలంగాణ పల్లెలు చాలావాటిలో జనం తమ ఊరి పొలిమేరలకు తామే ముళ్లకంపలు, రాళ్లు, మొద్దులు అడ్డం పెట్టుకున్నారు. "బయటివారు రావద్దు" అని అట్ట మీద రాసి కట్టారు. సైకిలువాడికి ఆ కంప పక్కన సందు కనిపిస్తుంది, సైకిలు ఎత్తి అవతల పెట్టడం అరనిమిషం పని. అక్కడే మనిషి సంస్కారం తేలుతుంది. ఆ కంప మన సరదాను ఆపడానికి పెట్టింది కాదు. ఆసుపత్రి దూరంగా వున్నవాళ్లు తమకు చేతనైన రీతిలో కట్టుకున్న కోట అది. దాని ముందు బండి తిప్పుకొని రావడమే మర్యాద.

బండ్ల బాట మనకు ఆటస్థలం, అవతలివారికి పని చేసే చోటు. గొర్రెల మంద వస్తే దిగి నిలబడాలి. ఎద్దుల బండికీ, ట్రాక్టరుకూ, ఉపాధి పనికి పలుగూ పారా పట్టుకొని పోయేవారికీ దారి ముందు వారిదే. దుక్కిలోకి చక్రం దించరాదు. వానలు పడ్డాక మెత్తబడిన చెరువు కట్ట మీద తొక్కితే పడే గాడి నీటికి దారి అవుతుంది. కట్ట తడిగా వున్నన్నాళ్లూ దిగి నడవాలి. కాలువ పనులు, జలాశయం పనులు జరిగే చోటికి పోరాదు. పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల పథకంలోని వట్టెం జలాశయం ఈ మండలంలోదే.

"ఇంత దగ్గరలో నల్లమల వుండగా ఈ చెలకలెందుకు?" అని ఉత్సాహవంతులు అడగవచ్చు. నల్లమలలో మన జిల్లా భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యం. అనుమతి లేనిదే అక్కడ చక్రం పెట్టరాదు. 2020 ఏప్రిల్ మొదటి వారంలో న్యూయార్కులోని బ్రాంక్స్ జంతు ప్రదర్శనశాలలో ఒక ఆడపులికి మనిషి నుంచి కరోనా సోకినట్టు తేలింది. వెంటనే మన కేంద్ర పర్యావరణ శాఖ అభయారణ్యాల్లో మనుషుల రాకపోకలు తగ్గించమని రాష్ట్రాలకు రాసింది. మన ఊపిరి పులికి కూడా ప్రమాదమే అన్న సంగతి ఆ నెలలోనే లోకానికి తెలిసింది.

ఈ సైకిలు ఎవరిది?

చివరగా ఒక మాట చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్తిగా మిగిలిపోతుంది. మనం సరదాకు సైకిలు దులుపుకున్న ఆ వేసవిలోనే, బతుకు కోసం సైకిలెక్కినవారు లక్షలు. "పాలమూరు లేబరు" అన్న మాట దేశమంతటా తెలిసిన మాట. ఆనకట్టలు, కాలువలు, మేడలు కట్టిన చేతులవి. పనులు ఆగి, రైళ్లు ఆగి, ముంబయి, పుణె వంటి చోట్ల చిక్కుకొని, నానా అగచాట్లు పడి తిరిగి వచ్చినవారు మన పల్లెల్లో వున్నారు. వచ్చాక కూడా బడి గదుల్లో, చేనుకాడి పాకల్లో రోజులు లెక్కపెట్టుకొని గాని ఇంటి గడప తొక్కలేదు. బీహారుకు చెందిన ఒక బడి వయసు బాలిక, గాయపడిన తండ్రిని వెనక కూర్చోబెట్టుకొని గురుగ్రామ్ నుంచి దర్భంగా దాకా దాదాపు 1200 కిలోమీటర్లు 2020 మేలో తొక్కింది. ఆమె సైకిలుకు గేర్ల గొప్ప లేదు. పత్రికలు సాహసమన్నాయి; అది గత్యంతరం లేకపోవడం.

ఇంకొక చేదు సంగతి. ఐక్యరాజ్య సమితి 2018లో జూన్ 3ను ప్రపంచ సైకిలు దినంగా ప్రకటించింది. 2020లో సరిగ్గా ఆ రోజునే అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీ మూతపడి కార్మికులు గేటు బయట నిలబడ్డారు. 1951లో సోనిపట్‌లో మొదలైన ఆ పేరు మన తాతల తరం నుంచి ప్రతి ఊరి బజారులో కనిపించినదే. ప్రపంచం సైకిళ్ల కోసం వెతుక్కుంటున్న నాడు సైకిలు చేసిన చేతులకు పని లేకపోయింది. బాట మీద ఎదురయ్యే ప్రతి పాత సైకిలువాడికీ మనం దారి ఇవ్వవలసినది ఇందుకు కూడా.

మన కర్తవ్యం

మిత్రులారా, అంటువ్యాధులు ఒక్కసారి వచ్చి పోయేవి కావు. బస్సులు మళ్లీ ఏనాడైనా ఆగవచ్చు. ఆనాటికి మన చేతిలో ఏముండాలి? ఖరీదైన సైకిలు కానక్కరలేదు; సైకిలు విప్పి బిగించడం తెలిసిన చేతులుండాలి.

మన విద్యార్థి సంఘం ముందు ఒక చిన్న సూచన వుంచుతున్నాను. కళాశాలలో ఒక పనిముట్ల పెట్టె ఏర్పాటు చేయవచ్చు. అందులో గాలి పంపు, పానలు, అలెన్ కీలు, చైను విప్పే పరికరం, టైరు పట్టీలు, పంక్చరు సామాను, ఒక డబ్బా గ్రీజు, ఒక సీసా మిషను ఆయిలు. నెలకొక ఆదివారం సైకిలు మేస్త్రీని మర్యాదగా పిలిచి, ఆయన శ్రమకు తగిన రుసుమిచ్చి, పాఠం చెప్పించుకోవచ్చు. విద్యార్థినులు కూడా ఈ పాఠంలో మొదటి వరుసలో కూర్చోవాలి. పంక్చరు వేయడం వచ్చిన అమ్మాయి ఏ పొద్దుకైనా ఎవరి కోసమూ ఎదురుచూడవలసిన అవసరం వుండదు. భౌతిక శాస్త్రం వారు గేర్ల లెక్క చెబుతారు, భూగోళం వారు ఊరి చుట్టూ మూడు కిలోమీటర్ల పటం గీస్తారు, వృక్ష శాస్త్రం వారు పల్లేరు కాయను పరిచయం చేస్తారు. దాన్ని ట్యూబు ముందే పరిచయం చేసుకొని వుంటుంది!

నిదానమే ప్రధానమన్నది సైకిలుకూ, అంటువ్యాధికీ రెండింటికీ సరిపోయే మాట. ఎవరి సాయమూ అక్కరలేకుండా పోయి, ఎవరికీ బరువు కాకుండా తిరిగి రాగలిగినవాడే నిజమైన కొండ సైకిలువాడు. అటువంటివారు మన కళాశాలలో పదిమంది తయారైతే, వచ్చే గడ్డుకాలంలో ఊరికి మందులు మోయడానికి పది సైకిళ్లు సిద్ధంగా వున్నట్టే.